అగేట్లా, నీలాలా, టోపాజా? ఔట్‌బ్యాక్‌లో రాళ్ల వేటకు ఎక్కడికి వెళ్లాలి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ రాష్ట్రంలో ఉంటున్న తెలుగువాళ్ల మధ్య జూన్ నెలాఖరు స్కూలు సెలవులు దగ్గరపడుతుంటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "రాళ్లు తవ్వుకోవడానికి వెళ్దామనుకుంటున్నాం. అగేట్ క్రీక్ మంచిదా, రూబీవేల్ మంచిదా?" వ్యాపారానికి కాకుండా సరదా కోసం, చేతి పనిముట్లతో రత్నాలూ ఖనిజాలూ వెతుక్కోవడాన్ని ఆస్ట్రేలియాలో ఫాసికింగ్ అంటారు. మన కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి పడగానే జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు చూడండి, దానికి దగ్గరి పని. కాకపోతే ఇక్కడ లైసెన్సు, హద్దులు, నిబంధనలు ఉంటాయి.

ఎక్కువమంది రాయి పేరు చూసి ఊరు ఎంచుకుంటారు. నీలం ఖరీదైన రాయి కాబట్టి రూబీవేల్ గొప్ప, అగేట్ (రంగురంగుల చారలుండే రాయి) చవక కాబట్టి అగేట్ క్రీక్ రెండో రకం అన్నట్టు. నా లెక్క వేరు. వారం రోజుల్లో నీలం దొరికినా దొరకకపోయినా పెట్రోలు ఖర్చు వెనక్కి రాదు. కాబట్టి రాయి ధర పక్కన పెట్టి, అక్కడికి చేరే దారి ఎలాంటిది, అక్కడ చేసే పని ఏమిటి, ఇంటికొచ్చాక ఆ రాయితో ఏం చేస్తారు అనేవి చూసుకోవాలి. ఈ మూడూ చూస్తే సగంమందికి జవాబు మారిపోతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

బండి. అద్దె కారు తీసుకుంటున్నారా? మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లో చాలావాటిలో తారు లేని రోడ్డెక్కకూడదన్న షరతు ఉంటుంది. ఎక్కి ఏమైనా జరిగితే ఇన్సూరెన్సు వర్తించదు. ఈ ఒక్క షరతుతోనే అగేట్ క్రీక్ చాలామందికి లిస్టులోంచి పోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకు తీసుకున్నా, ఏ రోడ్ల మీద నడపొచ్చో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

సాయం ఎంత దూరం. టైరు పగిలితే, కాలు బెణికితే, పిల్లాడికి జ్వరమొస్తే ఎవరొస్తారు, ఎంతసేపట్లో? ఫోన్ సిగ్నల్ లేని చోట ఈ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి.

రాయి సాంద్రత. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, అక్కడ మీరు రోజంతా చేసే పనిని తేల్చేది ఇదే. మామూలు గులకరాళ్లలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ (పలుగురాయి), దాని సాంద్రత నీటికి 2.65 రెట్లు. టోపాజ్ 3.5, నీలం 4, జిర్కాన్ అనే రత్నం 4.6 పైన. అంటే ఈ మూడూ పక్క రాళ్లకన్నా బరువు. జల్లెడలో వేసి నీళ్లలో పైకీ కిందికీ ఆడిస్తే బరువైనవి అడుగుకు, మధ్యకు చేరతాయి. జల్లెడ బోర్లిస్తే ఆ కుప్ప నడినెత్తిన రత్నం కనిపించాలి. అగేట్ సంగతి అలా కాదు. దాని సాంద్రత 2.6 దగ్గర, అంటే మామూలు గులకరాయంతే. అది పుట్టిన బసాల్ట్ అనే లావా రాయే దానికన్నా బరువు. కాబట్టి జల్లెడ, నీళ్లు సాయం చేయవు. కళ్లతో పట్టుకోవాలి, చేతులతో తవ్వాలి.

తర్వాతి పని. నీలాన్ని, టోపాజ్‌ను కోతగాడికి ఇచ్చి ఉంగరంలో పెట్టించుకోవచ్చు. అగేట్‌ను కోసి చూస్తే గానీ లోపల ఏముందో తెలియదు. కోయడానికి వజ్రపు పొడి అంచున్న రంపం కావాలి, లేదంటే అలాంటి రంపం ఉన్న రాళ్ల క్లబ్బు మీ ఊళ్లో ఉండాలి.

లైసెన్సు విషయం ఒక్క మాటలో: క్వీన్స్‌లాండ్‌లో 1994 నాటి ఫాసికింగ్ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. ఒక నెల, ఆరు నెలలు, ఏడాది చొప్పున ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, కుటుంబానికి కలిపి కూడా తీసుకోవచ్చు. గుర్తించిన ఫాసికింగ్ ప్రాంతం హద్దు దాటితే భూమి యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి. యంత్రాలు వాడకూడదు, సొరంగంలా తొలవకూడదు. నార్తర్న్ టెరిటరీలో ఈ లైసెన్సు గొడవ లేదు.

## అగేట్ క్రీక్: దూరం ఎక్కువ, పని ఎక్కువ

కెయిర్న్స్ నుంచి పశ్చిమంగా సవానా వే అనే హైవే పట్టుకుని వెళితే మౌంట్ సర్‌ప్రైజ్, దాని తర్వాత జార్జ్‌టౌన్ వస్తాయి. జార్జ్‌టౌన్ దాకా దాదాపు 380 కి.మీ. అక్కణ్నుంచి దక్షిణంగా 40 కి.మీ. పోతే ఫోర్సేత్ అనే చిన్న ఊరు. ఫోర్సేత్ నుంచి ఇంకో 70 కి.మీ. దాకా పశువుల స్టేషన్ల (పెద్ద పెద్ద పశువుల క్షేత్రాల) మధ్యగా, వాగులు దాటుతూ సాగే మట్టిదారి. చివర్లో అగేట్ క్రీక్ ఫాసికింగ్ ప్రాంతం. అక్కడ దుకాణం లేదు, కుళాయి లేదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు, వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. అక్టోబరు దాటాక ఎండ పార పట్టనివ్వదు. మే నుంచి ఆగస్టు లోపు వెళ్లడమే మంచిది.

ఇంత దూరం ఎందుకు వెళ్తారంటే, అక్కడి అగేట్ల రంగుల కోసం. పర్మియన్ యుగంలో, అంటే 25 కోట్ల ఏళ్లకు పైమాటే, అక్కడ లావా ప్రవహించింది. చల్లారేటప్పుడు దానిలో వాయువుల బుడగలు చిక్కుకుని ఖాళీలుగా మిగిలాయి. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కరిగిన నీరు ఆ ఖాళీల్లోకి ఊరుతూ పొర మీద పొరగా పేరుకుంది. లోహాల జాడల్ని బట్టి ఒక పొర గులాబీ, ఇంకోటి ఊదా, మరోటి పసుపు, లేత నీలం. ఒకే రాయిలో ఇన్ని రంగులు పక్కపక్కనే కనిపించడమే అగేట్ క్రీక్‌కు పేరు తెచ్చింది. పైకి మాత్రం మట్టి అంటిన బంగాళాదుంపలా ఉంటుంది. అందుకే మొదటిసారి వచ్చినవాళ్లు మంచి రాళ్ల మీదుగా నడిచిపోతుంటారు.

మన దక్కన్ పీఠభూమి కూడా లావా పేర్చిన నేలే. గోదావరి, కృష్ణ ఆ నేల మీదుగా వస్తూ తెచ్చే గులకరాళ్లలోనూ అగేట్లు ఉంటాయి. గుజరాత్‌లోని రతన్‌పూర్ గనుల రాయితో ఖంభాత్ కోతపనివాళ్లు ఎన్నో శతాబ్దాలుగా లోకానికంతా పూసలు పంపించారు. కాబట్టి అగేట్ మనకు కొత్త రాయేం కాదు, స్వయంగా తవ్వుకునే అవకాశమే కొత్త.

అగేట్ క్రీక్ వెళ్లాలని తేల్చుకున్నాక కూడా ఇంకో ఎంపిక మిగిలే ఉంటుంది: పైపైన ఏరుకోవడమా, వాగులో వెతకడమా, గుట్ట వాలులో తవ్వడమా.

పైపైన ఏరడం తేలిక. పొద్దున్నే, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు సూర్యుడికి ఎదురుగా నడిస్తే అగేట్ ముక్కల్లోంచి వెలుతురు వచ్చి మెరుస్తాయి. పిల్లలకు, నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇదే సరైంది. కాకపోతే పైన పడి ఉన్న రాయి ఎన్నో ఏళ్ల ఎండకు, చలికి, అడవి మంటలకు గురై ఉంటుంది. చాలావాటిలో సన్నని పగుళ్లుంటాయి. దొర్లించి మెరుగుపెట్టే చిన్న రాళ్లకు పనికొస్తాయి గానీ, బిళ్లలుగా కోద్దామంటే విరిగిపోతాయి. దశాబ్దాలుగా జనం వచ్చి ఏరుకున్న చోటు కాబట్టి క్యాంపుకు దగ్గర్లో మంచివి తక్కువ. కాస్త దూరం నడవాలి.

వాగు అడుగున దొరికేవి నీటిలో దొర్లి దొర్లి తోలు అరిగినవి. లోపలి చారలు బయటికి కనిపిస్తాయి, కాబట్టి గుర్తుపట్టడం సులువు. దొర్లే దారిలోనే బలహీనమైనవి పగిలిపోయాయి కాబట్టి మిగిలినవి కొంత గట్టివే. సైజు మాత్రం చిన్నది.

అసలు పని గుట్ట వాలులో తవ్వడం. బసాల్ట్ కుళ్లి మెత్తబడిన చోట చూసుకోవాలి. అలాంటి చోట పలుగు మొన దిగుతుంది, మట్టి పెళ్లలుగా రాలుతుంది. గట్టి రాయి తగిలిందంటే ఆ చోటు వదిలేయడం నయం, చేత్తో దాన్ని గెలవలేరు. పైమట్టి పారతో తీసేయండి, కుళ్లిన రాయిని పలుగుతో వదులు చేయండి, గుండ్రటి గడ్డ కనబడగానే పలుగు పక్కన పెట్టేయండి. అక్కణ్నుంచి పాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, బ్రష్షు. చుట్టూ మట్టి తీసి, గడ్డ తనంతట తాను కదిలేదాకా ఓపిక పట్టాలి. అగేట్ కాఠిన్యం, అంటే గీతలకు తట్టుకునే గుణం, పదికి లెక్కేసే మోస్ కొలతలో 6.5 నుంచి 7. గీత పడదు గానీ దెబ్బ తగిలితే గాజులా చిట్లుతుంది. పలుగు దెబ్బ తగిలిన గడ్డ బయటికి బాగానే కనిపించినా, రంపం కింద పెట్టేసరికి మధ్యలో చంద్రవంక ఆకారంలో పగులు తేలుతుంది. లోపల ఏముందో చూద్దామని అక్కడే సుత్తితో పగలగొట్టడం అందరికీ వచ్చే తొందర. దయచేసి వద్దు. చిన్న చిప్ప లేచిన అంచు దగ్గర నీళ్లు రాసి చూస్తే చారలున్నాయో లేదో తెలిసిపోతుంది.

తవ్వి తీసినవాటిలో రంగు తాజాగా ఉంటుంది, పగుళ్లు తక్కువ. మీ ఇంట్లోనో క్లబ్బులోనో రంపం ఉంటే ఈ శ్రమకు తగిన ఫలితం ఉంటుంది. లేకపోతే రెండు తట్టల మట్టిగడ్డలు మోసుకొచ్చి గ్యారేజీలో పెట్టుకున్నట్టే. బరువు సంగతీ చూసుకోండి. పది లీటర్ల బకెట్ నిండా రాళ్లంటే 15 కిలోలకు తగ్గదు. అలాంటివి పది ఎక్కిస్తే వెనక స్ప్రింగులు కిందికి దిగుతాయి, ఆ మట్టిదారిలో బండి అడుగు తగులుతుంది.

తవ్విన గుంత పూడ్చి రావాలి. వాలు కింద దొలిచి పైన కప్పులా వదిలితే అది ఎప్పుడైనా మీదపడుతుంది. నిబంధనలు దాన్ని నిషేధించింది ఊరికే కాదు. ఆ ప్రాంతం ఎవామియన్ ఆదిమ ప్రజలది. పాత రాతి పనిముట్లు కనిపిస్తే ఫొటో కూడా అవసరం లేదు, ముట్టుకోకుండా వదిలేయండి.

ఇంకో దారి కూడా ఉంది. ఫోర్సేత్‌కు దక్షిణంగా కోబోల్డ్ గార్జ్ అనే చోట క్యాబిన్లు, స్నానాల గదులు, భోజనం ఉంటాయి. ఇరుకైన కొండలోయలో పడవ మీద తిప్పుతారు. అక్కడ బస చేసి ఒక రోజు అగేట్ క్రీక్‌కు వెళ్లి వచ్చేవాళ్లున్నారు. తవ్వడానికి టైము తగ్గుతుంది గానీ, ఇంట్లోవాళ్లంతా ఒప్పుకునే ఏర్పాటు ఇదే.

## రూబీవేల్, సఫైర్, అనాకీ: మొదటిసారికి ఇదే

రాక్‌హాంప్టన్ నుంచి పశ్చిమంగా 270 కి.మీ. వెళ్తే ఎమరాల్డ్ పట్టణం, దానికి పశ్చిమాన గంటలోపే ఈ ఊళ్లు. పేరు రూబీవేల్ అయినా దొరికేవి కెంపులు కావు, నీలాలు. 1875లో అనాకీ దగ్గర వీటిని గుర్తించారు. తారురోడ్డు, కారవాన్ పార్కులు, పబ్బు, పెట్రోలు, రాళ్లు కోసేవాళ్లు అన్నీ ఉంటాయి. మామూలు కారు చాలు.

ఇక్కడి గొప్ప సౌకర్యం, తవ్వకుండానే ఆడొచ్చు. డబ్బులిచ్చి ఒక బకెట్ కంకరమట్టి కొనుక్కుంటే, జల్లెడ, నీళ్లు, బల్ల వాళ్లే ఇస్తారు, ఎలా చూడాలో నేర్పిస్తారు. ఐదేళ్ల పిల్లా, డెబ్భై ఏళ్ల తాతగారూ పక్కపక్కన కూర్చుని ఏరుకోవచ్చు. బకెట్‌లో నీలం ముక్క కనిపించడం అరుదేమీ కాదు, కోతకు పనికొచ్చేది కనిపించడమే అరుదు. కన్ను అలవాటయ్యాక లైసెన్సు తీసుకుని గ్లెనాల్వా, టొమహాక్ క్రీక్ లాంటి ఫాసికింగ్ ప్రాంతాలకు వెళ్లి సొంతంగా తవ్వుకోవచ్చు. వాన వెలిశాక నేలమీద ఏరడం ఇక్కడా బాగా నడుస్తుంది. జొన్నగిరి పొలాల్లో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

1930ల్లో ఒక పిల్లాడికి ఇక్కడ పెద్ద నల్లరాయి దొరికితే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. తర్వాత దాన్ని కోస్తే 733 క్యారట్ల నక్షత్ర నీలం అయింది, బ్లాక్ స్టార్ ఆఫ్ క్వీన్స్‌లాండ్ అని పేరు. ఈ కథ ప్రతి టూరులోనూ చెబుతారు. వినడానికి బాగుంటుంది, దాన్ని బట్టి సెలవులు ప్లాన్ చేసుకోకండి.

జాతకం ప్రకారం నీలమో కనకపుష్యరాగమో కావాలని వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇక్కడి రాళ్లలో ముదురు నీలం, ఆకుపచ్చ, పసుపు, ఒకే రాయిలో రెండు మూడు రంగులు కలిసినవి ఎక్కువ. మనవాళ్లు అడిగే లేత, మచ్చలేని నీలం చేతికి చిక్కాలంటే అదృష్టం చాలా కావాలి. ఆ అవసరం నిజంగా ఉంటే అక్కడి కోతగాళ్ల దగ్గర కొనుక్కోవడం తేలిక.

పిల్లలున్నవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఇది వందేళ్లకు పైగా తవ్విన నేల. గడ్డి మాటున పాత గని గోతులుంటాయి. గుంజలు పాతి హద్దులు పెట్టినవి ఇతరుల గని హక్కు భూములు, వాటిలో కాలు పెట్టకూడదు.

## ఓబ్రయన్స్ క్రీక్: మధ్యస్థం

మౌంట్ సర్‌ప్రైజ్‌కు వాయవ్యంగా దాదాపు 40 కి.మీ. దూరంలో ఉంది. చివరి దారి మట్టిదే, పొడి కాలంలో అగేట్ క్రీక్ దారంత కష్టం కాదు. ఇక్కడ టోపాజ్. చాలావరకు రంగు లేనివి, కొన్ని లేత నీలం. వాగు కంకరలో గులకరాళ్లలా అరిగి దొరుకుతాయి. కాఠిన్యం 8, సాంద్రత 3.5 కాబట్టి జల్లెడ పని చేస్తుంది. అగేట్ తవ్వకమంత నడుము విరిగే పని కాదు. పసుపు పుష్యరాగం కోసమైతే ఇది సరైన చోటు కాదు.

టోపాజ్‌కు ఒక దిశలో తేలిగ్గా చీలే గుణం ఉంది. ఆ చీలిన చదును ముఖం తళుక్కుమంటుంది, క్వార్ట్జ్ ముక్కల మధ్య దాన్ని గుర్తుపట్టే దారి అదే. కోసేటప్పుడు అదే గుణం ఇబ్బంది పెడుతుంది, అనుభవం ఉన్న చేతికే ఇవ్వండి. కెయిర్న్స్ నుంచి మూడు నాలుగు రోజుల్లో వెళ్లి రావాలంటే, దారిలో ఉండారా లావా సొరంగాలు కూడా చూడాలంటే నేను దీన్నే చెబుతాను.

## జెమ్‌ట్రీ: ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్తే

నార్తర్న్ టెరిటరీలోని ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యంగా 140 కి.మీ., ప్లెంటీ హైవే మీద. ఉలూరు అనే ఎర్రటి కొండ చూడ్డానికి వెళ్లేవాళ్లు ఒకటి రెండు రోజులు కలుపుకోవచ్చు. అక్కడి కారవాన్ పార్కువాళ్లు పనిముట్లు ఇచ్చి, ముందు తమ బండి, వెనక మీ బండి చొప్పున తీసుకెళ్లి గార్నెట్లు అనే ఎర్రటి రాళ్లు, మడ్ ట్యాంక్ దగ్గర జిర్కాన్లు ఎలా తీయాలో చూపిస్తారు. వెంట తెలిసినవాళ్లుంటారు కాబట్టి కొత్తవాళ్లకు భయం లేదు. జులైలో రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే చలి, రగ్గులు మర్చిపోవద్దు. దీనికోసమే బ్రిస్బేన్ నుంచి పనిగట్టుకుని వెళ్లమని మాత్రం చెప్పను.

## ఒకచోట పెట్టి చూస్తే

| | అగేట్ క్రీక్ | రూబీవేల్ వైపు | ఓబ్రయన్స్ క్రీక్ | జెమ్‌ట్రీ |
|---|---|---|---|---|
| రాయి | అగేట్ | నీలం | టోపాజ్ | జిర్కాన్, గార్నెట్ |
| దారి | పొడవైన మట్టిదారి, వాగులు | తారు | చివర మట్టిదారి | పార్కు దాకా తారు |
| బండి | ఫోర్ వీల్ డ్రైవ్ | మామూలు కారు | ఎత్తున్న బండి మేలు | మామూలు కారు. తవ్వే చోటికి అడిగి వెళ్లాలి |
| ప్రధాన పని | నడక, తవ్వకం | జల్లెడ | జల్లెడ, కొంత తవ్వకం | తవ్వకం, జల్లెడ |
| నీళ్లు, తిండి | అన్నీ మీరే తీసుకెళ్లాలి | ఊళ్లోనే | మౌంట్ సర్‌ప్రైజ్‌లో | పార్కులో |
| ఖాళీ చేతులతో రావడం | దాదాపు ఉండదు | కోతకు పనికొచ్చేది దొరక్కపోవచ్చు | చిన్నవి దొరుకుతాయి | చిన్నవి దొరుకుతాయి |
| ఇంటికొచ్చాక | రంపం, మెరుగు తప్పవు | కోతగాడు | నేర్పున్న కోతగాడు | కోతగాడు |
| లైసెన్సు | కావాలి | సొంతంగా తవ్వితే కావాలి | కావాలి | అక్కర్లేదు |

ఖాళీ చేతుల వరుస మళ్లీ చూడండి. దొరికే పరిమాణం లెక్కన అగేట్ క్రీక్‌ను కొట్టేది లేదు. దొరికినవాటిలో ఏది వదిలేయాలన్నదే అక్కడి సమస్య.

## మీరెవరైతే ఎక్కడికి

పదేళ్లలోపు పిల్లలున్న కుటుంబం: రూబీవేల్. చర్చ అక్కర్లేదు. పిల్లల ఓపిక అరగంట. ఆ అరగంటలో ఏదో ఒకటి మెరవాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో: ఇదీ రూబీవేలే, ఒక బకెట్, ఒక భూగర్భ గని టూరు, సాయంత్రానికి గది. ఉత్తరాన ఉంటే ఇంకో ఉపాయం. కెయిర్న్స్ నుంచి ఫోర్సేత్ దాకా సవానాలాండర్ అనే పాత రైలు నడుస్తుంది, పెద్దవాళ్లకు అది బాగా నచ్చుతుంది. రాళ్ల సరదాకు జార్జ్‌టౌన్‌లోని టెరెస్ట్రియల్ సెంటర్‌లో టెడ్ ఎలియట్ ఖనిజాల సేకరణ ఉంది. అగేట్ క్రీక్ వెళ్లేవాళ్లు కూడా ముందు దాన్ని చూసి వెళ్లాలి. కోసి మెరుగుపెట్టిన రాయి ఎలా ఉంటుందో చూశాకే మట్టిలో దాని కోసం వెతకడం అర్థమవుతుంది.

చదువుకుంటున్న కుర్రాళ్ల గుంపు, చేతిలో పాత సెడాన్: కెయిర్న్స్, టౌన్స్‌విల్‌లో ఉంటే ఓబ్రయన్స్ క్రీక్, చివరి దారి ఎలా ఉందో మౌంట్ సర్‌ప్రైజ్‌లో అడిగాకే. బ్రిస్బేన్, రాక్‌హాంప్టన్‌లో ఉంటే రూబీవేల్. అగేట్ క్రీక్ దారిలో బండి ఆగిపోతే ఎవరో వస్తారులే అనుకునే వయసు అది, అందుకే గట్టిగా చెబుతున్నా.

రాళ్లు కోయడం ఇప్పటికే వచ్చినవాళ్లు, లేదా నేర్చుకుందామని క్లబ్బులో చేరినవాళ్లు: అగేట్ క్రీక్, అదీ కనీసం ఐదారు రోజులు. మొదటి రోజు నడకకే పోతుంది, రెండో రోజు ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది, అసలు పని ఆ తర్వాత. ఒంటరిగా వద్దు, రెండు బండ్లు ఉంటే మేలు.

ఉంగరంలో పెట్టించుకునే రాయి ఒకటి కావాలి, అంతే అనేవాళ్లు: షాపు.

అగేట్ లాంటిదే కావాలి గానీ అంత దూరం వద్దనేవాళ్లకు రాక్‌హాంప్టన్‌కు పశ్చిమంగా మౌంట్ హే దగ్గర థండర్‌ఎగ్స్ ఉన్నాయి, లోపల అగేట్ నిండిన రాతిగుండ్లు. ప్రైవేటు స్థలం కాబట్టి ఫోన్ చేసి తెరిచి ఉందని కనుక్కునే బయల్దేరండి.

## అగేట్ క్రీక్ తేల్చుకున్నవాళ్లకు సామాను

మనిషికి రోజుకు తాగడానికే కనీసం ఐదు లీటర్ల నీళ్లు, వంటకు, చేతులకు విడిగా. అనుకున్న రోజులకు రెండు రోజులు ఎక్కువే లెక్కేయండి. రెండు స్పేర్ టైర్లు, గాలి పంపు. దగ్గర్లోని బండ్లతో మాట్లాడే యూహెచ్‌ఎఫ్ రేడియో, దానితోపాటు శాటిలైట్ ఫోనో, మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా సాయం పిలిచే బీకనో. తిరిగొచ్చే తేదీ ఇంట్లో ఎవరికైనా చెప్పి, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసి ఇవ్వండి.

పనిముట్లు: చిన్న పలుగు, పొట్టి పిడి పార, గడ్డపార, జియాలజీ సుత్తి, పాత స్క్రూడ్రైవర్లు, గట్టి బకెట్లు. కళ్లద్దాలు తప్పనిసరి, బసాల్ట్ పెచ్చు కంట్లో పడితే ఆసుపత్రి దగ్గర్లో లేదు. పాములుంటాయి, చీలమండ దాటే బూట్లు వేసుకోండి, రాయిని చేత్తో కాకుండా పలుగుతో తిరగేయండి. మంచివాటికి చుట్టడానికి పాత చీరలు, దినపత్రికలు పనికొస్తాయి. ఏ రాయి ఏ గుట్ట దగ్గరిదో సంచి మీద రాసుకోండి, కోశాక బాగా తేలితే ఆ చోటికే మళ్లీ వెళ్లొచ్చు.

ఇంటికొచ్చాక చిన్నవాటికి దొర్లించే డ్రమ్ము చాలు. సిలికాన్ కార్బైడ్ ముతక పొడితో మొదలుపెట్టి, మధ్యరకం, సన్నరకం, చివరికి మెరుగు పొడి. ఒక్కో దశకు వారం చొప్పున దాదాపు నెల పడుతుంది. పెద్ద గడ్డలకు రంపం. అది ఎప్పుడూ నీళ్లతోనో నూనెతోనో తడిగా నడవాలి. అగేట్ అంటే దాదాపు పూర్తిగా సిలికా. పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఇలాంటి దుమ్ముతో పనివాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తోందనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి కృత్రిమ రాతి కౌంటర్‌టాప్ పలకల వాడకాన్ని నిషేధించింది. యాంగిల్ గ్రైండర్‌తో గ్యారేజీలో కోసేద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

సెలవులు పది రోజులుంటే ఒకటే ఎంచుకోవాల్సిన పని లేదు. కెయిర్న్స్‌లో బయల్దేరి మౌంట్ సర్‌ప్రైజ్‌లో ఆగి, ఓబ్రయన్స్ క్రీక్‌లో రెండు రోజులు టోపాజ్ చూడండి. బండి, ఇంట్లోవాళ్లు మట్టిదారిని ఎలా తట్టుకుంటున్నారో అక్కడే తెలిసిపోతుంది. బాగుంటే జార్జ్‌టౌన్ మీదుగా ఫోర్సేత్ దాకా వెళ్లి, పెట్రోలు నింపుకుని, ముందున్న వాగుల్లో నీళ్లెంత ఉన్నాయో అక్కడివాళ్లను అడగండి. వద్దంటే కోబోల్డ్ గార్జ్ చూసి వెనక్కి రండి, పర్లేదంటే అగేట్ క్రీక్‌కు పొద్దున్నే బయల్దేరండి. సాయంత్రం నాలుగు దాటితే ఆ దారెక్కొద్దు. చీకటి పడ్డాక కంగారూలు, స్టేషన్ల పశువులు రోడ్డు మీదే ఉంటాయి.